ఇరవై ఐదు గదులు, ఒక తలుపు

నేను జవాబు చెప్పను. ముప్ఫై మూడేళ్ళుగా లెక్కల టీచరుగా నాకున్న పేరూ అదే, నా మీదున్న ఫిర్యాదూ అదే. పిల్లలు చాటుగా నన్ను "చెప్పనమ్మ" అంటారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే మా ఆవిడ చెప్పదండీ, చిన్న ఆధారం ఇస్తుంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ నవ్విస్తుంటారు.

నా పద్ధతి ఇది. ప్రతి సోమవారం పిల్లలు రాకముందే క్లాసు వెనక గోడకున్న బోర్డు మీద ఒక పజిల్ వేస్తాను. ఎవరికి తోచిన జవాబు వాళ్ళు చీటీ మీద రాసి, కిటికీలో ఉన్న పాత బిస్కెట్ డబ్బాలో వేయాలి. నేను చూసి "అయింది" అంటాను. లేదంటే "ఇంకా చూడు" అంటాను. మూడో మాట ఉండదు. ఎవరికీ రాకపోతే ఆ పజిల్ చెరపను, వచ్చేదాకా అక్కడే ఉంటుంది. తోవ తెలియక కాసేపు తచ్చాడితేనే మనిషికి ఆలోచన అలవాటవుతుందని నా నమ్మకం. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే అయింది.

ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. శాలువా కప్పుతారు, నాలుగు మాటలు మాట్లాడతారు, ఫొటో తీస్తారు. అవేవీ నాకక్కర్లేదు. వెళ్ళేలోగా ఒక్కసారి చీమని చూడాలనుకున్నాను. ఎదురుగా నిలబడి ఒక మాట చెప్పాలనుకున్నాను.

చీమ అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ, ఆ పేరుతో ఆ పిల్లని ఎవరూ పిలవలేదు. చీమల బారులా రాసేది. పరీక్ష పేపరు మొత్తం ఒకే పేజీలో ముగించి మిగతా కాగితాలు తెల్లగా తిరిగిచ్చేసేది. ఆ అక్షరాలు చదవలేక నా కళ్ళద్దాల నంబరు పెరిగిందని అందరి ముందూ అంటే, "పెద్దగా రాస్తే ఆలోచన చెదిరిపోతుంది టీచర్" అంది. పధ్నాలుగేళ్ళ పిల్ల. నేనేమంటాను?

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అందరూ బయటికి పరిగెత్తితే, చీమ మాత్రం టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని వెనక బోర్డు ముందు నిలబడేది. తింటూ చూసేది. చూస్తూ తినడం మరిచిపోయేది. ప్రతిదానికీ "ఎందుకు టీచర్?" అనేది. జవాబు దొరికాక కూడా అనేది. "వచ్చింది టీచర్, కానీ ఎందుకొచ్చిందో తెలియలేదు" అని తలపట్టుకునేది. ఒకసారి తనే ఒక పజిల్ తయారుచేసి నాకిచ్చింది. నాలుగు రోజులు నాకు అంతు చిక్కలేదు. కూర మాడబెట్టాను, బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయాను. సిగ్గు విడిచి చిన్న ఆధారం ఇమ్మంటే, నా గొంతుతోనే "ఇంకా చూడు" అని నవ్వుతూ పారిపోయింది. టీచరుగా నా బతుకులో ఆ నాలుగు రోజుల్లాంటివి మళ్ళీ రాలేదు.

నాకు పిల్లల్లేరు. ఆ లోటు గురించి నేనెప్పుడూ పెద్దగా బాధపడలేదు, నిజమే చెబుతున్నాను. కానీ మధ్యాహ్నం పూట ఆ పిల్ల వెనక బోర్డు ముందు నిలబడి ఉంటే, నోటుపుస్తకాలు దిద్దుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి చూసుకోవడం నాకు ఒక సుఖం. ఆ సుఖాన్ని నా చేజేతులా పోగొట్టుకున్నాను.

పోగొట్టిన పజిల్ ఇరవై ఐదు గదుల మేడ. ఐదు వరుసలు, వరుసకి ఐదు గదులు. మేడ మొత్తానికి ఒకటే తలుపు, పై వరుస గోడకి. ఊడ్చే మనిషి ఆ తలుపులోంచి లోపలికొచ్చి, ఏ గదినీ రెండోసారి తొక్కకుండా, అన్ని గదులూ ఊడ్చి ముగించాలి. ఒక గదిలోంచి ఆనుకున్న గదిలోకే వెళ్ళాలి, మూలగా దూకకూడదు. ఆఖరున ఏ గదిలో ఆగినా ఫరవాలేదు. పెన్సిలు తీసుకుంటే ఐదేళ్ళ పిల్లలైనా మొదలుపెట్టగలరు. నా నోటుపుస్తకంలో దానికి జవాబు కూడా ఎర్ర సిరాతో గీసి పెట్టుకున్నాను.

ఆ ఏడు అది ఎవరికీ రాలేదు. మిగతా పిల్లలు రెండ్రోజులు గీసి వదిలేశారు. ప్రతిసారీ ఒక్క గది మిగిలిపోతోందని గొణిగారు. చీమ వదల్లేదు. వారం, రెండు వారాలు, మూడు వారాలు. డబ్బాలో రోజుకో చీటీ. నేను రోజూ "ఇంకా చూడు" అనేదాన్ని. లోపల మురిసిపోయేదాన్ని కూడా. చూడండి, నా పిల్ల ఎంత పట్టుదలగా ఉందో అని.

మూడో వారం శుక్రవారం, క్లాసు నిండుగా ఉండగా, చీమ నా బల్ల దగ్గరికొచ్చింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం నా చేతికిచ్చి, చాలా నెమ్మదిగా, "టీచర్, ఇది కుదరదు" అంది.

నాకు కోపమొచ్చింది. ఎందుకంత వచ్చిందో ఆ రోజు తెలియలేదు గానీ ఇప్పుడు తెలుసు. అందరూ చేతులెత్తేసినా ఇది ఎత్తదు అనుకున్నాను. ఆ పిల్ల కూడా ఎత్తేసిందని నా గుండె కలుక్కుమంది. ఆ నొప్పి నోట్లోకి వచ్చేసరికి వెటకారమైంది.

"కుదరదు అనేది జవాబు కాదు. ఆడలేక మద్దెల ఓడందట వెనకటికి ఒకామె," అన్నాను. క్లాసంతా గొల్లుమంది. కాగితం మడత విప్పకుండానే తిరిగి దాని చేతిలో పెట్టాను. "నాకు జవాబు కావాలి, సాకులు కాదు. వెళ్ళి కూర్చో."

చీమ ఏడవలేదు, వాదించలేదు. "సరే టీచర్" అని వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత ఏడాది ఆఖరుదాకా డబ్బాలో దాని చీటీ పడలేదు. అడిగినదానికి చెప్పేది, మార్కులు బాగానే తెచ్చుకునేది. మధ్యాహ్నం బెల్లు కొడితే అందరితోపాటు బయటికి వెళ్ళిపోయేది. "ఎందుకు" అని మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. స్కూలు అయ్యాక లెక్కలు వదిలేసి ఇంకేదో చదువులో చేరిందని విన్నాను.

పిలిచి ఒక్క మాట మాట్లాడితే పోయేది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా, మాట్లాడలేదు. ఇరవై ఐదు గదుల పజిల్ని మాత్రం మళ్ళీ ఏ బ్యాచ్‌కీ ఇవ్వలేదు. ఆ పేజీ రాగానే తిప్పేసేదాన్ని. పంతొమ్మిదేళ్ళపాటు ప్రతి సాయంత్రం డబ్బా మూత తీస్తూ, ముందుగా చీమల బారు కోసం వెతుక్కున్నాను. రాదని తెలిసీ వెతికాను.

ఈ నెల మొదటి సోమవారం, ఇదే ఆఖరి నెల కదా, మనసులో ఏదీ ఉంచుకోకూడదనుకుని ఆ పేజీ తెరిచాను. నోటుపుస్తకం చూసి బోర్డు మీద గీశాను. ఇప్పుడున్నది తెల్ల బోర్డు, నున్నగా ఉంటుంది. బుధవారానికల్లా డబ్బాలో ఏడు చీటీలు. ఏడూ సరైనవే.

నాకు సంతోషం వేయలేదు. వీళ్ళు తెలివైనవాళ్ళే, కాదనను. కానీ చీమకి మూడు వారాల్లో రానిది వీళ్ళకి మూడు రోజుల్లో ఎలా వచ్చింది? అన్నం సయించలేదు. మా ఆయనతో చెప్పాను.

ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. మా స్కూలు గ్రూపు ఫొటోలన్నీ ఆయనే తీసేవారు. స్టూడియో మూసేసినా ఒక్క ఫొటో కూడా పారేయలేదు. "ఆ ఏడు వాన పడి ఆవరణంతా బురదైతే క్లాసులోనే తీశాను కదే. వెనక బోర్డుకి ఆనించి నిలబెట్టాను. ఉండు," అని అటక మీద పెట్టె దించారు.

ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని భూతద్దం పెట్టి చూశాం. మూడు వరుసల పిల్లలు. వాళ్ళ తలల పైన నా బోర్డు, దాని మీద నేను గీసిన మేడ. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. చివర నిలబడిన ఒక్క పిల్ల మాత్రం తల వెనక్కి తిప్పి బోర్డు చూస్తోంది. ముఖం సగమే పడింది.

"దీన్ని ఇటు చూడమ్మా అని మూడుసార్లు అరిచాను. వింటేనా," అన్నారాయన.

నేను గదులు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. నోటుపుస్తకంలో తలుపు పై వరుసలో నడిమి గదికి ఉంది. ఫొటోలో బోర్డు మీద తలుపు ఎడమ నుంచి రెండో గదికి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాత నల్ల బోర్డుకి పై అంచు నడుమ పెచ్చు ఊడిపోయి ఉండేది. అక్కడ సుద్ద పట్టేది కాదు. తలుపు గుర్తు సరిగా పడక కాస్త పక్కకి జరిపి గీసి ఉంటాను. తలుపు ఎక్కడుంటే ఏమిటిలే అనుకుని ఉంటాను.

పెన్సిలు తీసుకున్నాను. చదరంగం బల్లలాగా గది విడిచి గదికి నలుపు వేశాను. మూల గదులు నలుపు. మొత్తం నల్ల గదులు పదమూడు, తెల్లవి పన్నెండు. అడుగు వేసిన ప్రతిసారీ రంగు మారుతుంది. రెండో గది తెల్లది. తెల్లదాంతో మొదలుపెడితే తెలుపు, నలుపు, తెలుపు, నలుపు అంటూ ఇరవై ఐదో అడుగు కూడా తెల్ల గదిలోనే పడాలి. అంటే పదమూడు తెల్ల గదులు కావాలి. ఉన్నవి పన్నెండే. ఆ మేడని ఎవరూ ఊడ్వలేరు.

చీమ మూడు వారాలు గింజుకుని, జవాబు లేదన్న జవాబు కనిపెట్టింది. నేను దాన్ని విప్పి చూడకుండా నవ్వులపాలు చేశాను. పిల్లలకి ఆలోచించడం నేర్పుతానని ముప్ఫై మూడేళ్ళు గొప్పలు చెప్పుకున్నదాన్ని.

నేను ఏడుస్తుంటే మా ఆయన నా చేతిలోంచి పెన్సిలు తీసుకున్నారు. తర్వాత, "ఈసారి ఆధారం నేనివ్వనా? వెళ్ళి చెప్పు," అన్నారు.

"ఎక్కడుందో ఏమో."

"వెతుకు. ఇంకా చూడు, ఇంకా చూడు అని ఊరందరి పిల్లల్నీ తిప్పావు కదా."

వెతకాల్సిన పని కూడా లేకపోయింది. సోమవారం స్టాఫ్ రూములో టీ పోస్తున్న ఆయమ్మని మాటవరసకి అడిగితే, "చీమా? బస్ డిపోలో ఉంది కదమ్మా! డ్రైవర్లకి డ్యూటీలు వేసేది ఆ అమ్మాయే. నేను పాసు కోసం పోతే కుర్చీ వేసి కూర్చోబెట్టింది," అంది. మా స్కూలుకి మూడు స్టాపుల అవతల. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేనెక్కే బస్సు ఎవరు నడపాలో రోజూ నిర్ణయించే మనిషి కోసం డబ్బాలో వెతుక్కున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరినైనా అడిగి ఉంటే!

ధైర్యం చేసేసరికి నెలలో ఆఖరి శనివారం వచ్చింది, మధ్యాహ్నం వెళ్ళాను. సంచిలో ఆ ఫొటో పెట్టుకున్నాను. డిపోలో మేడ మీద గది. మెట్లన్నీ డీజిలు వాసన. గోడంతా ఒక పెద్ద బోర్డు, దాని మీద అడ్డంగా బస్సులు, నిలువుగా గంటలు, వందల కొద్దీ చిన్న చిన్న రంగు బిళ్ళలు. బిళ్ళల మీద పేర్లు చీమల బారులా ఉన్నాయి. ఆ అక్షరాలు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

ఆమె నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. పక్కన లావుపాటి డ్రైవరు ఒకాయన గొడవపడుతున్నాడు.

"ఒక్క ఆదివారం సెలవు అడిగితే కుదరదంటే ఎలా మేడమ్?"

"కుదరదన్నా. ఎందుకో చూపిస్తా, దా." ఒక్కొక్క బిళ్ళా తీసి అతని చేతిలోనే పెట్టింది. "నువ్వు ఆదివారం ఆగితే ఈ బస్సు ఇతనికివ్వాలి. ఇతను రాత్రి డ్యూటీ దిగి వస్తాడు, నిద్ర ఉండదు. పోనీ ఈ ఇంకొకతనికిస్తే అతని బస్సు ఆగుతుంది. నీకు ఇంకో దారి కనిపిస్తే చెప్పు, నేనే వేస్తా."

అతను చాలాసేపు చూశాడు. తల గోక్కున్నాడు. "సరే, వచ్చే వారం ఇవ్వు మరి," అని వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమె ఇటు తిరిగింది.

"టీచర్!"

దగ్గరికొచ్చి కుర్చీ తుడిచింది. జుట్టులో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. మెడలో కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. ఆమె కళ్ళద్దాలు పెట్టుకునే వయసుకొచ్చిందన్న సంగతి నాకు ఎందుకో మింగుడుపడలేదు.

బస్సులో వస్తూ చాలా మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. ఫొటో తీసి బల్ల మీద పెట్టాను. "తలుపు తప్పు గదికి గీశానే. నువ్వు చెప్పిందే నిజం. అది కుదరదు. ఆ రోజు నీదే ఒప్పు," అన్నాను.

ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. తలతిప్పిన పిల్లని చూసి కొంచెం నవ్వింది.

"నాకు తెలుసు టీచర్."

"తెలుసా?"

"నాది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. రంగులేసి చూశాక ఇంకా అనుమానమేముంటుంది? పదమూడు, పన్నెండు. అయిపోయింది."

"మరి లెక్కలెందుకు వదిలేశావే? నేను... నేను నీ ధైర్యం పోగొట్టాననుకున్నాను."

ఆమె ఒక బిళ్ళని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉంది.

"ఆ కాగితంలో రెండు ముక్కలు రాశాను టీచర్. ఒకటి, ఇది కుదరదు, ఎందుకంటే ఇదీ అని. రెండోది, తలుపు ఒక్క గది పక్కకి జరిపితే కుదురుతుంది, అక్కడ పెచ్చు ఊడింది కాబట్టి పొరపాటున ఇటు గీసి ఉంటారు అని." బిళ్ళని బల్ల మీద పెట్టింది. "అందరి ముందూ చెబితే మీకు చిన్నతనంగా ఉంటుందని మడతపెట్టి ఇచ్చాను."

ఆ గొల్లుమన్న నవ్వు మళ్ళీ చెవిలో వినిపించింది. నా పరువు కాపాడటానికి ఆ పిల్ల నాలుగు మడతలు పెట్టింది. ఆ నాలుగు మడతల కాగితాన్ని చేతిలో ఉంచుకుని నేను ఆ పిల్ల పరువు తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అరవైకి దగ్గరపడ్డాక తెలిసింది.

"మీరు ఎప్పటికైనా అడుగుతారనుకున్నాను," అంది. "ఏడాదంతా ఆ కాగితం జామెట్రీ బాక్సులోనే ఉంది. అందులో ఏముందే అని మీరు ఒక్కసారి అడిగితే ఇద్దామని. తర్వాత ఎక్కడో పోయింది." మాటల్లో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

"క్షమించవే," అన్నాను. పిల్లలకి క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేదు, మాట ఎగుడుదిగుడుగా వచ్చింది.

"అయ్యో, అదేంటి టీచర్," అని నా చేయి పట్టుకుంది. నా పక్కనే కూర్చుంది. కింద ఆవరణలో ఒక బస్సు వెనక్కి వస్తుంటే ఎవరో "రైట్, రైట్" అని అరుస్తున్నారు.

అప్పుడడిగాను. అడగడానికే వచ్చానని అడిగాక తెలిసింది. "వచ్చే సోమవారం నా ఆఖరి క్లాసు. తొమ్మిదికి. ఆ మేడని తప్పు తలుపుతోనే గీస్తాను. నువ్వొచ్చి ఎందుకు కుదరదో ఆ పిల్లలకి చెప్పు. నేను వెనక బెంచీలో కూర్చుంటాను. రావే."

ఆమె బోర్డు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"సోమవారం కుదరదు టీచర్."

నోటిదాకా వచ్చిన మాట మింగి, "ఎందుకు?" అన్నాను.

ఆమె నా వైపు అదోలా చూసింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా బయటికెళ్ళే ప్రతి బస్సుకీ డ్రైవరుని చూసి సంతకం పెట్టాలి. సంతకం పెట్టేవాళ్ళు ముగ్గురు. ఒకామె ప్రసవానికి వెళ్ళింది. ఇంకొకాయన రెండింటికి గానీ రాడు. మిగిలింది ఈమె.

"ముందు రోజే సంతకం పెడితే?" అన్నాను.

"మనిషిని ఎదురుగా చూడకుండా పెట్టకూడదు టీచర్. తాగి వచ్చాడో, జ్వరంతో వచ్చాడో."

"క్లాసు మధ్యాహ్నానికి మారిస్తే?"

"ఆ రోజు స్కూలు ఒంటిపూటేనని ఆయమ్మ చెప్పింది."

"ఆయనతో డ్యూటీ మార్చుకుంటే?"

"ఆయన పొద్దున భార్యని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. సోమవారమే. అడిగితే కాదనడు, అందుకే అడగను."

నేను కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఎక్కడైనా సందు ఉంటుందేమోనని, బస్సు తర్వాత బస్సు, గంట తర్వాత గంట వెతికాను. ఏ పజిల్నీ అంత ఆశగా వెతకలేదు. చీమ నా పక్కనే నిలబడి ఓపిగ్గా చూస్తోంది.

"మరి మంగళవారం?" అన్నాను.

"మంగళవారం మీరుండరు కదా టీచర్."

సందు లేదు. లెక్క ఎక్కడా తప్పలేదు.

"అయింది," అన్నాను.